ఆరంగుళాల ధైర్యం

మన ఇళ్ళల్లో ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఏ మాట ఎక్కువసార్లు వింటుందో ఎవరైనా లెక్కపెడితే, దాని సొంత పేరు రెండో స్థానంలో వుంటుందనుకుంటాను. మొదటి స్థానం "జాగ్రత్త"ది. మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, నూతి దగ్గర జాగ్రత్త, సైకిలెక్కితే జాగ్రత్త, సినిమాకి వెడితే జాగ్రత్త. ఈ మాటలో ఒక తమాషా వుంది, గమనించారా? మగపిల్లాడితో అన్నప్పుడు "సరే, వెళ్ళిరా" అని దానర్థం. ఆడపిల్లతో అన్నప్పుడు మాత్రం చాలాసార్లు "ఇప్పుడు వెళ్ళకపోతే కొంపలేం మునిగాయి?" అని అర్థం. మాట ఒకటే. వాడికి అది ప్రయాణం మొదలు, దీనికి ప్రయాణం రద్దు.

ఈ మాటకి మూడో అర్థం కూడా ఒకటుందని నాకు తెలిసింది అమెరికాలో. అదీ గడ్డకట్టిన ఒక సరస్సు నడిబొడ్డున, ఎలక్ట్రిక్ సైకిలు హాండిలు పట్టుకుని నిలబడ్డప్పుడు! నవ్వకండి. నలభై దాటినదాన్ని, బి.ఏ.లో సాహిత్యం తప్ప ఇంకేమీ చదవనిదాన్ని, నవలలు రాసుకుని బతికేదాన్ని. నా కథానాయికలు చెరువు గట్టున కూచుని కన్నీళ్ళు పెట్టుకున్నారేగాని, చెరువుమీద సైకిలు తొక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళకి లేని యోగం నాకు పట్టింది.

మా తమ్ముడు మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపాలిస్ ఊరి శివార్లలో వుంటాడు. "చలికాలంలో ఎవరైనా వస్తారా అక్కా ఇక్కడికి!" అని వాడు మొత్తుకుంటున్నా వినకుండా 2025 జనవరిలో వెళ్ళాను. సంక్రాంతికి మనం ఇక్కడ భోగిమంటలు వేసుకుంటాం. అక్కడ ఆ వారంలో వాకిట్లో నీళ్ళు చల్లితే ముగ్గు వేసేలోపల గడ్డకట్టి జారుడుబండ అవుతుంది.

వెళ్ళిన మూడోరోజున మా మరదలు గారేజీలోంచి ఒక సైకిలు బయటికి తీసింది. సైకిలంటే మన వూళ్ళల్లో చూసే సన్నపాటి సైకిలు కాదు. మోటారు సైకిలు టైరుకి తోబుట్టువులా వున్న టైర్లు, వాటినిండా ఇనప మేకుల మొనలు, చట్రంలో దూర్చిన బ్యాటరీ. "శనివారం చెరువుమీదికి వెళ్దాం వదినా, మీకూ ఒకటి స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చాను" అంది, గుడికి వెళ్దాం అన్నంత మామూలుగా.

మా తమ్ముడు కాఫీ కప్పు కింద పెట్టాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు వూరికే అనలేదు" అన్నాడు. వాడు కంప్యూటర్లలో పదిహేనేళ్ళుగా మునిగివున్నాడు గాని సామెతలు మాత్రం మా నాన్నగారివే.

"అడుసు కాదండీ, ఐసు" అంది మా మరదలు. అంతే. వాదించలేదు. వెళ్ళి బ్యాటరీ తెచ్చి వంటింట్లో ఒక మూల పెట్టుకుంది.

ఆ పిల్ల సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళయి ఆ దేశం వచ్చిన మొదటి రెండు చలికాలాలూ ఆమె కిటికీ దగ్గరే గడిపిందట. సాయంత్రం అయిదింటికల్లా చీకటి. నవంబరు నుంచి మార్చి దాకా తెలుపూ బూడిద తప్ప మరో రంగు కనపడదు. చంకలో పసిపిల్ల, పలకరించే మనిషి లేదు. "ఏమీ జరగలేదు వదినా, అదే నా బాధ" అని నాతో ఒకసారి ఫోనులో అంది. తరవాత ఒక ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగంలో చేరింది. తన జీతంలోంచి దాచుకుని 2022లో ఈ సైకిలు కొనుక్కుంది. అందుకని అది ఆ ఇంట్లో ఆటవస్తువు కాదని నాకు చూడగానే అర్థమయింది.

ఇక చెరువుల సంగతి. మిన్నెసోటాకి పదివేల సరస్సుల రాష్ట్రమని పేరు. ఆ పేరు మొహమాటానికి పెట్టుకున్నదేననాలి, పదెకరాలకి మించినవే 11,842 వున్నాయి. చలికాలం రాగానే ఇవన్నీ మూతలు పెట్టుకుంటాయి. జనం ఆ మూతలమీద కాపురాలు పెడతారు! ఐసుకి కన్నం పెట్టి గాలం వేసుకుని కూచోడానికి చిన్న చిన్న గుడిసెలు, వాటిల్లో పొయ్యిలు. మిల్ లాక్స్ లాంటి పెద్ద సరస్సులమీదైతే ఐసుమీదే దారులు చదునుచేసి కార్లు పోనిస్తారు. మన కొల్లేట్లో దోనెలు తిరిగినట్టు అక్కడ చెరువుమీద లారీలు తిరుగుతాయన్నమాట.

"నీళ్ళన్నీ గడ్డకడితే చేపలెలా బతుకుతాయే?" అనడిగాను మా మేనకోడల్ని. దానికి పదమూడేళ్ళు. అత్తకి పాఠం చెప్పే అవకాశం వచ్చినందుకు మొహం వెలిగిపోయింది. "అన్నీ గడ్డకట్టవు అత్తా. నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు. ఆ బరువు నీళ్ళు అడుక్కి పోతాయి. ఇంకా చల్లబడినవి తేలికై పైకొస్తాయి, అవే గడ్డకడతాయి. ఐసు నీళ్ళకంటే తేలిక కాబట్టి పైనే తేలుతుంది. కింద చేపలు హాయిగా వుంటాయి" అంది. పాలమీద మీగడ కట్టినట్టు అనుకున్నాను. మీగడైతే బొగ్గులమీద కాగిన పాలకి మందంగానూ, గ్యాసు పాలకి పల్చగానూ కడుతుంది. ఈ చెరువు మీగడ ఎక్కడ ఎంత మందమో చెప్పేదెవరు?

అసలు సంగతంతా అక్కడే వుంది.

మన భాషలో మంచు అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. తెల్లారగట్ల గడ్డిపరకమీద మెరిసేదీ మంచే, హైవేమీద ఎదురుగా వచ్చే లారీని దాచేసేదీ మంచే, హిమాలయాలమీద వుండేదీ మంచే. మన లంబసింగిలో గరికమీద నాలుగు మంచు పలుకులు గడ్డకడితే చాలు, మర్నాడు పేపర్లో బొమ్మ వేస్తారు. మనకి అంతకంటే మాటలు అవసరం లేకపోయాయి మరి. అక్కడివాళ్ళకి మాత్రం ఐసు రంగు తెలియడం అన్నం పలుకు తెలిసినంత ముఖ్యం. కొత్తగా కట్టి, అద్దంలా కిందికి కనిపించే గట్టి ఐసు ఒక రకం. కురిసిన మంచు తడిసి, దానిలో గాలి బుడగలు చిక్కుకుని, పాలు కలిపినట్టుండే తెల్ల ఐసు ఇంకో రకం. ఈ తెల్లదానికి బలం సగమే. అంటే నాలుగంగుళాల గట్టి ఐసు చేసే పని తెల్ల ఐసు చెయ్యాలంటే ఎనిమిదంగుళాలుండాలి. పైకి చూస్తే తెల్లదే మెత్తగా, భద్రంగా, పరుపు పరిచినట్టు కనిపిస్తుంది. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్ళు మనకి తెలుసుగా!

అక్కడి రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖవాళ్ళు ఒక పట్టిక వేశారు. మనిషి నడవడానికి కొత్త గట్టి ఐసు కనీసం 4 అంగుళాలు. మంచుమీద పరిగెత్తే స్నోమొబైలు బండికి 5 నుంచి 7. కార్లకీ లారీలకీ అంతకంతకీ ఎక్కువ. ఆ పట్టిక వేసినవాళ్ళే "ఏ ఐసూ నూటికి నూరుపాళ్ళు క్షేమం కాదు" అని కూడా చెబుతారు. మరి మనిషికీ మోటారు బండికీ మధ్యనున్న ఈ ఎలక్ట్రిక్ సైకిలు ఏ లెక్కలోకి వస్తుంది? మామూలు సైకిలు పదిహేను కిలోలుంటే, లావు టైర్లు, మోటారు, బ్యాటరీ కలుపుకుని ఇది ముప్ఫై దాకా తూగుతుంది. మీద మనిషి, మనిషిమీద రెండు కోట్లు. మా మరదలు తనకి తాను ఒక గీత గీసుకుంది. ఆరంగుళాల గట్టి ఐసు వుంటే తొక్కడం, లేకపోతే తిరిగి రావడం. "పదకొండు గంటలకైనా, పది గజాల దూరంలో ఒడ్డు కనిపిస్తున్నా, ఇదే లెక్క" అంది.

ఐసు సంగతి అయింది, ఇంక చట్టం సంగతి. మిన్నెసోటా చట్టం ప్రకారం మోటారు బలం 750 వాట్లకి మించకపోతే, నిజంగా తొక్కడానికి పెడల్సు వుంటే అది సైకిలు జాతే. అందులో మూడు తరగతులు. తొక్కితేనే మోటారు సాయపడి గంటకి 20 మైళ్ళ దగ్గర ఆగిపోయేది ఒకటి. తొక్కకపోయినా పిడి తిప్పితే 20 దాకా పోయేది రెండు. తొక్కుతుంటే 28 దాకా సాయపడేది మూడు. ఆ తరగతేదో బండి చట్రంమీద అంటించిన చీటీలో వుంటుంది. ఆ హద్దు దాటిన బండ్లకి సైకిలని పేరుపెట్టి అమ్మేవాళ్ళు వున్నారుగాని, చట్టానికి అవి సైకిళ్ళు కావు. వాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు బాధలు వేరే వుంటాయి.

నడిపేవాళ్ళకి పదిహేనేళ్ళు నిండాలి. ఇక్కడే మా మేనకోడలికి కోపం. "ఐసుమీద పోలీసు ఎవరుంటారు అమ్మా!" అని బతిమాలింది. "పోలీసు లేకపోతే నీకు పదిహేనేళ్ళు వచ్చేస్తాయా?" అంది వాళ్ళమ్మ. అది మామూలు సైకిలు తీసుకుని మూతి ముడుచుకుంది.

ఇంకో చిత్రం. గడ్డకట్టినా చెరువు చెరువే, అందరి సొత్తే. న్యాయంగా ఒక దారిన చెరువులోకి దిగామంటే దానిమీద ఎక్కడికైనా పోవచ్చు. కాని ఒడ్డు అందరిదీ కాదు. దగ్గరదారి కదా అని ఎవరి పెరట్లోంచో దిగితే ఆ ఇంటాయన కేకలేస్తాడు, ఆయన కేకల్లో న్యాయం వుంది. జనం పడవలు దింపుకునే రేవులోంచే వెళ్ళాలి. కొన్ని వూళ్ళ పార్కుల్లోని చెరువులమీద మోటారుతో నడిచేవాటిని రానివ్వరు. అందుకని ఏ చెరువుకా చెరువు ముందే ఫోను చేసి కనుక్కోవాలి. మా మరదలు శుక్రవారం మధ్యాహ్నం భోజనం వేళలో ఆ పనీ చేసింది. పనిలో పనిగా రేవు దగ్గరి చేపల ఎరల దుకాణంవాడిని ఐసెలా వుందో అడిగింది. చెరువు నాడి తెలిసేది ఆ దుకాణంవాడికేనట.

శనివారం వచ్చింది. సున్నాకి పది డిగ్రీలు కింద వుంది చలి, ఎండ మాత్రం బాణాల్లా కాస్తోంది. మా మరదలు నాకు చేసిన అలంకారం చూస్తే పెళ్ళికూతుర్ని చెయ్యడం గుర్తొచ్చింది. ఉన్ని బట్టలు, కోటు, కోటుమీద నీళ్ళల్లో తేల్చే జాకెట్టు, తలకి హెల్మెట్టు. ఆఖర్న తాడుకి కట్టిన రెండు కొయ్య పిడులు, ఒక్కో పిడికి ఒక్కో మేకు మొన, నా మెళ్ళో వేసింది. నల్లపూసల పక్కన వేలాడుతున్నాయవి. "ఇవేమిటే?" అన్నాను. "ఇవుంటేనే ఐదోతనం వదినా" అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి చెప్పింది.

ఐసు విరిగి నీళ్ళల్లో పడితే మనిషికి మొదట ఊపిరి అందదు. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసరు గారున్నారు. చన్నీళ్ళల్లో మనిషికేమవుతుందో తెలుసుకోడానికి తన ఒంటినే ఎన్నోసార్లు మంచునీళ్ళల్లో ముంచుకున్నారాయన. ఒకటి-పది-ఒకటి అని ఆయన చెప్పిన లెక్క ఒకటుంది. మొదటి ఒక్క నిమిషం ఎగశ్వాసని అదుపులోకి తెచ్చుకోవాలి. తరవాత పది నిమిషాలపాటు కాళ్ళూ చేతులూ మన మాట వింటాయి. స్పృహ తప్పడానికి ఒక గంట పడుతుంది. "పడగానే ప్రాణం పోయిందనుకుని అల్లాడేవాళ్ళే మునుగుతారు. టైముంది అని తెలిసినవాళ్ళు బయటపడతారు" అంది మా మరదలు.

ఎలా బయటపడాలో కూడా చెప్పింది. సైకిలు సంగతి వదిలెయ్యాలి. ముందుకి కాదు, వచ్చినవైపుకే తిరగాలి, ఇంతసేపూ మనని మోసిన ఐసు అటే వుంది కనుక. మేకు మొనలు ఐసులో గుచ్చి, చేపలా కాళ్ళు కొట్టుకుంటూ పొట్టమీద పైకి పాకాలి. పైకొచ్చాక లేచి నిలబడకూడదు, చాపలా దొర్లుకుంటూ దూరం పోవాలి. పక్కనున్నవాళ్ళు పరిగెత్తుకు రాకూడదు, తాడు విసరాలి, 911కి ఫోను చెయ్యాలి. ఫోను లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట వుండాలి, లేకపోతే చలికి అదీ చచ్చిపోతుంది. తరవాత మునిగిన బండిని తీయించే బాధ్యత సొంతదారుదే. చెరువులో బ్యాటరీ వదిలేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇదంతా వింటున్నప్పుడు భయం వెయ్యలేదా అంటారేమో. నిజం చెబుతున్నాను, వినకముందే ఎక్కువ భయం వేసింది.

బ్యాటరీది కూడా పసిపిల్లల తంతే. చలిలో దాని సత్తువ సన్నగిల్లుతుంది, వేసవిలో పోయినంత దూరం పోలేదు. అందుకని బయల్దేరే నిమిషందాకా ఇంట్లో వెచ్చగా వుంచి, మెత్తటి తొడుగు తొడిగి తీసుకెళ్ళాలి. సగం పైన వుండగానే వెనక్కి తిరగాలి. ఇంటికొచ్చాక ఆత్రపడి వెంటనే ఛార్జింగు పెట్టకూడదు. గడ్డకట్టే చలిలో వున్న లిథియం బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తే లోపల పాడవుతుంది, అది ప్రమాదానికి దారితీస్తుంది. గదిలో పెట్టి, చలి విడిచాక అప్పుడు పెట్టాలి. ఎండలోంచి వచ్చిన పిల్లాడికి వెంటనే చన్నీళ్ళు ఇవ్వకూడదంటుంది మా అమ్మ. ఇది ఆ శాస్త్రానికి తిరగేత.

టైర్లలో గాలి సగానికి సగం కంటే తక్కువే. లావు టైరు మెత్తగా పరుచుకుంటే మంచులో కూరుకుపోదు, మేకులు గట్టి ఐసుని పట్టుకుంటాయి. ఈ లావు టైర్ల సైకిళ్ళని జనంలోకి తెచ్చినవాళ్ళు కూడా ఆ ప్రాంతంవాళ్ళేనట. మినియాపాలిస్ పక్కనున్న బ్లూమింగ్‌టన్‌లో సర్లీ అనే కంపెనీ 2005లో పగ్స్‌లీ అన్న సైకిలు తీసుకొచ్చింది. చలికాలం ఆర్నెల్లుండే వూళ్ళో పుట్టవలసిన బండే.

చెరువుమీదికి దిగాం. మా మరదలు భుజాన గునపం, వీపున సంచిలో బర్మా. వడ్రంగివాళ్ళ బర్మాకి పెద్దక్కలాంటిది. రేవు దగ్గరే ఒక కన్నం తొలిచింది. ఐసు పొట్టు కొబ్బరికోరులా పైకి లేచింది, తరవాత నీళ్ళు బుడుంగుమని పైకొచ్చాయి. టేపు దింపి, అడుగు అంచుకి తగిలించి చూసింది. తొమ్మిదంగుళాలు. అద్దంలా వుంది. "పదండి వదినా."

తొక్కాను. ఎంతకాలమయిందో సైకిలెక్కి! మొదటి పది గజాలూ ప్రాణం పిడికిట్లో వుంది. తరవాత మేకులు కరకరమంటూ ఐసుని పట్టుకోవడం కాళ్ళకే తెలిసిపోయింది. గట్టిగా మలుపు తిప్పకూడదు, బ్రేకు హఠాత్తుగా నొక్కకూడదు, మనిషికీ మనిషికీ మధ్య దూరం వుంచాలి, అంతే. మోటారు వెనకనించి పెద్దన్నయ్య చెయ్యిలా చిన్నగా తోస్తోంది. నాలుగువైపులా తెలుపు. చెట్లు దూరంగా గీతల్లా వున్నాయి. నా నవలల్లో "అనంతమైన" అన్న విశేషణం ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు, దాన్ని కళ్ళతో చూసింది మాత్రం ఆ రోజే.

హఠాత్తుగా కాళ్ళకింద "డుమ్మ్...మ్మ్" అని ఒక మోత బయల్దేరి చెరువు ఈ కొసనుంచి ఆ కొసకి పోయింది. గుండె జారి గాలోషుల్లో పడింది. "ఐసు ఒళ్ళు విరుచుకుంటోంది అత్తా" అంది మా మేనకోడలు. ఎండకీ చలికీ ఐసు వ్యాకోచించి, సంకోచించి అలా మోగుతుందట. మోగినంత మాత్రాన విరుగుతుందని కాదు. మోగనంత మాత్రాన విరగదనీ కాదు. చెవులూ కళ్ళూ చాలవు, కొలవాలి.

నూటయాభై అడుగులకోసారి ఆగడం, గునపంతో పొడవడం, అనుమానం వస్తే బర్మా. ఎనిమిదిన్నర. ఎనిమిది. ఎనిమిది. మా మరదలి మొహంలో విసుగు లేదు. వంకాయ కూరలో ఉప్పు చూసినంత శ్రద్ధగా చూస్తోంది.

చెరువు సన్నబడి అవతలి చెరువులో కలిసేచోటికి వచ్చాం. అక్కడ ఒక వాగు వచ్చి పడుతుంది. కదిలే నీళ్ళమీద ఐసు సరిగా కట్టదు. వాగు నోళ్ళు, వంతెనల అడుగులు, ఊటలు ఇవన్నీ అనుమానించవలసిన చోట్లు. మంచు మందంగా కప్పినచోట కూడా అంతే. పైనున్న మంచు దుప్పటై చలిని కిందికి దిగనివ్వదు, ఐసు పల్చగానే వుండిపోతుంది. ఎదురుగా మాత్రం సైకిలు టైర్ల చారలు తిన్నగా అవతలికి పోయి కనిపిస్తున్నాయి. అవతల ఒడ్డున కాఫీ దొరికే చోటు వుంది. అక్కడిదాకా వెళ్ళాలన్నదే ఆ రోజు మా ముచ్చట.

మా మరదలు దిగి బర్మా తిప్పింది. కొలిచింది. మళ్ళీ కొలిచింది. అయిదంగుళాలు. అందులో పైన రెండంగుళాలు తెల్లది. అంటే లెక్కకి నాలుగే.

అప్పుడే వెనకనించి ఇద్దరు కుర్రాళ్ళు అలాంటి సైకిళ్ళమీదే వచ్చారు. ఆగి, "ఏం ఫరవాలేదు, నిన్న కూడా దాటాం" అన్నారు మర్యాదగా. "ఇవాళ కొలిచారా?" అంది మా మరదలు అంతకంటే మర్యాదగా. వాళ్ళు నవ్వి భుజాలెగరేసి వెళ్ళిపోయారు. చూస్తూండగానే అవతలి ఒడ్డుకి చేరి మావైపు చెయ్యి వూపారు కూడా.

వాళ్ళకి ఏమీ కాలేదు. కథ రాస్తున్నదాన్నైతే ఐసు విరిచి వుండేదాన్ని, పాఠకులకి నీతి చెప్పడం సులువయ్యేది. కాని జరిగింది ఇది. వాళ్ళు వెళ్ళారు, కాఫీ తాగారు. మేం వెనక్కి తిరిగాం. మా మేనకోడలు దారంతా సణిగింది. మా మరదలు ఒక్కమాట మాట్లాడలేదు, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఇంట్లో వేడివేడిగా ఉప్మా తింటూ మా తమ్ముడు ఈ కథంతా విన్నాడు. పొద్దున్న అడుసు సామెత చెప్పినవాడే, ఇప్పుడేమన్నాడో తెలుసా? "వాళ్ళు వెళ్ళొచ్చారు కదా! అయితే నువ్వే భయపడ్డావన్నమాట" అన్నాడు. చూశారా మగవాళ్ళ ధర్మం! వెళ్తానంటే తెగింపు, తిరిగొస్తే పిరికితనం.

మా మరదలు ఉప్మా గరిటె పక్కన పెట్టింది. "భయపడి వుంటే ఇంట్లోంచే కదిలేదాన్ని కాదు. ధైర్యం చూపించుకోవాలనుంటే దాటేదాన్ని. నాకు ఆ రెండూ అక్కర్లేదండీ. నాకు సైకిలు తొక్కాలని వుంది. వచ్చే శనివారం కూడా తొక్కాలని వుంది" అంది.

మా తమ్ముడు ఇంకేమీ అనలేదు. వాడు చెడ్డవాడు కాదు. వాడి భయం వాడిది. 2023 డిసెంబరు 29న ఆ రాష్ట్రంలోనే అప్పర్ రెడ్ లేక్ అనే సరస్సుమీద ఐసు పలక ఒడ్డునుంచి విడిపోయి, చేపలు పట్టడానికి వెళ్ళినవాళ్ళు 122 మంది దానిమీద వుండిపోయారు. అందర్నీ రక్షించారు. ఆ చలికాలం మినియాపాలిస్ చరిత్రలోకెల్లా వెచ్చనిదని లెక్కల్లోకెక్కింది. సరస్సుమీద ఏటా జరిగే చిత్రమైన గుడిసెల సంబరం కూడా ఐసు చాలక 2024లో మొదటివారానికే మూతపడింది. "మా తాతల కాలంనుంచీ ఈ తేదీకి చెరువు గట్టిగా వుంటుంది" అనే మాట ఇప్పుడు అక్కడ చెల్లడం లేదు. కాలం మారిపోతున్నచోట పాత లెక్కలూ పనికిరావు, పక్కవాళ్ళ టైరు చారలూ పనికిరావు. ఎవరి బర్మా వాళ్ళే తిప్పుకోవాలి.

తిరిగి వచ్చేశాక కూడా నన్ను వదలనిది ఆ చెరువు అందం కాదు, మా మరదలు టేపు దింపి చూసే చూపు. మన ఆడవాళ్ళకి భయపెట్టేవాళ్ళు కావలసినంతమంది వున్నారు. "నీకేం, దూకెయ్" అనే వాళ్ళూ ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎంత మందముందో కొలవడం నేర్పేవాళ్ళే తక్కువ. ఉద్యోగం మానుకోవాలా, చేరాలా? పిల్లని దూరం చదువుకి పంపాలా, మానాలా? స్కూటీ ఇచ్చి వానాకాలం రోడ్డుమీదికి పంపాలా? "వద్దు" అనడానికీ "పోనీలే" అనడానికీ మధ్యలో చెయ్యవలసిన పని చాలా వుంటుంది. హెల్మెట్టు కొనివ్వడం, బ్రేకులు చూపించడం, నీళ్ళు నిలిచిన గుంత లోతు తెలియకుండా బండి దింపకూడదని చెప్పడం, ఫలానా చోటినుంచి వెనక్కి తిరిగిరా, తిరిగొస్తే నేను నవ్వను అని మాటివ్వడం. ఆ చివరి మాటే అన్నిటికంటే కష్టం. వెనక్కి తిరిగొచ్చిన ఆడపిల్లని చూసి నవ్వని ఇల్లు వుంటే, ఆ పిల్ల ఎంత దూరమైనా వెళ్ళిరాగలదు.

నేను వచ్చేసే ముందురోజు మా మేనకోడలు ఫ్రిజ్‌కి ఒక కాగితం అంటించింది. రెండేళ్ళ తరవాత తనకి పదిహేను నిండగానే అమలు కావలసిన ఒప్పందమట అది. ఆరంగుళాలు. తెల్లది సగం లెక్క. వాగు నోటికి దూరం. మెళ్ళో మేకులు. ఫోను లోపలి జేబులో. చీకటి పడకుండా ఇంటికి. కింద వాళ్ళమ్మ సంతకం, దాని సంతకం. వాళ్ళ నాన్న కాగితం చాలాసేపు చదివాడు. ఆఖరికి తనూ సంతకం పెట్టి, అలవాటు చొప్పున దానికింద పెద్ద అక్షరాలతో "జాగ్రత్త" అని రాశాడు.

అది చూసి మా మేనకోడలు కిసుక్కున నవ్వింది.

"పైన రాసిందంతా అదే కదా నాన్నా!"